కూండియా చౌక్ బల్ల గాల్లోకి లేచిన వైనం

దుమారం వెలిసిన మర్నాడు కూండియా చౌక్‌లో బల్ల లేదు.

బల్ల అంటే బడిలో పిల్లలు కూర్చునే బల్ల అనుకునేరు. ఇరవై మంది బాసింపట్టు వేసుకుని కూర్చున్నా ఇంకొకడు కాళ్ళు చాపుకోవడానికి చోటు మిగిలే బల్ల అది. బికనేర్‌లో దాన్ని పాటా అంటారు, ప్రతి చౌక్‌కీ, అంటే వీధులు కలిసే ప్రతి కూడలికీ, ఒకటుంటుంది. పేకాట దాని మీదే, పంచాయితీ దాని మీదే, పోయినవాళ్ళ పరామర్శా దాని మీదే. వీధి కోడళ్ళు దాని ముందు నుంచి పోతూ ముసుగు కిందికి లాక్కుంటారు, బల్ల మీద పురుగు కూడా లేకపోయినా సరే. జోళ్ళు కింద విడిచి ఎక్కాలి. ఎక్కాక ఎన్ని కోతలు కోసినా ఎవరూ ఏమీ అనరు గానీ, బల్ల మీద మాటిచ్చావా, ఇక అది ఇచ్చినట్టే. అలాంటి బల్ల మాయమైంది. దాని కోళ్ళ కింద పెట్టిన నాలుగు రాళ్ళు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి.

అందరికన్నా ఎక్కువ కంగారు జేఠ్‌మల్‌ది. ఎల్లుండి ఆయన మనవరాలి సంబంధం ఖాయం చేసుకోవడానికి ఫలోదీ నుంచి వస్తున్నారు. పెళ్ళికొడుకు తాత పాతకాలం మనిషి, కట్నాలూ కానుకలూ ఏమీ అడక్కుండా ఒక్క కోరిక కోరాడు. మాట మాత్రం మీ చౌక్ బల్ల మీద కూర్చునే ఇచ్చిపుచ్చుకుందాం అన్నాడు. తీరా వచ్చి బల్లేదీ అంటే ఏం చెప్పాలి? తిండికి లేక అమ్ముకున్నారనుకోడూ?

జేఠ్‌మల్ అసలే అనుమానం మనిషి. పాలవాడు పాలు పోస్తుంటే గిన్నెలోకి కాదు, వాడి ముఖంలోకి చూస్తాడు. పొద్దుట్నుంచీ చౌక్‌లో ఒక్కొక్క ముఖమే చూసుకుంటూ వచ్చి ఒక ముఖం దగ్గర ఆగిపోయాడు. అది బులాకీదాస్ ముఖం. కోతలు కోయడంలో బులాకీని మించినవాడు ఊళ్ళో లేడు. నిన్న అందరూ తలుపులు బిగించుకుని లోపల కూర్చుంటే, బల్ల దగ్గరున్నది తానొక్కడేనని ఆ బులాకీయే చెప్పుకు తిరుగుతున్నాడు.

సాయంత్రం నలుగురూ ముసలి మేఘరాజ్ ఇంటి మెట్ల మీద చేరారు. పకోడీల కొట్టు గోర్ధన్ టీలు తెప్పించాడు. గోర్ధన్‌కి కథ రుచిగా ఉంటే చాలు, నిజమా అబద్ధమా అని అడగడు. బులాకీ రెండు గుక్కలు తాగి, గొంతు సవరించుకున్నాడు.

“నిన్న మధ్యాహ్నం నేను బల్ల మీద నడుం వాల్చి ఉన్నా. ఆకాశం పచ్చబడింది. గాలి మొదలైంది. మీరంతా లోపలికి పోయారు, మీ తప్పు కాదులే, పిల్లలుగలవాళ్ళు. నేను పోలా. బల్లని ఒంటరిగా వదిలేసి ఎలా పోను? కాసేపటికి ఒక మూల కొంచెం ఊగింది. అంతే, కొంచెం. చేత్తో అదిమా, ఆగింది.”

ఇంతవరకూ ఎవరికీ పేచీ లేదు. దుమారానికి బల్ల ఊగడం జేఠ్‌మల్ కూడా తన చిన్నప్పుడొకసారి చూశాడు.

“ఆ మూల ఆగింది గానీ ఈ మూల లేచింది. ఇటు పరిగెత్తా. అటు లేచింది. నాలుగు మూలలు, మనిషినొక్కణ్ణి. ఏం చెయ్యను? నట్టనడుమ బాసింపట్టు వేసుకుని కూర్చుండిపోయా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? లేచింది.”

“ఏ మూల?” అన్నాడు మేఘరాజ్.

“బల్ల.”

మేఘరాజ్ ఆవలించాడు. జేఠ్‌మల్ మాత్రం ఎదురుగా గోర్ధన్ కొట్టు మీది రేకుని చూపించి, ఇరవై మంది మోసే బల్ల లేచిపోతే పిల్లి ఎక్కితేనే ఊగే ఆ రేకు ఎందుకు లేవలేదని అడిగాడు.

“భలేవాడివే భాయ్‌జీ. రేకుని ఎగరేస్తే గాలికేం పేరొస్తుంది?” అన్నాడు బులాకీ తడుముకోకుండా. “సరే విను. ముందు అప్పడాల వీధి మీదికి పోయా. మేడల మీద ఆరబెట్టిన అప్పడాలన్నీ గాలికి లేచి నా చుట్టూ తిరుగుతున్నాయి. అంత ఎత్తున సూర్యుడు దగ్గర కదా, తిరుగుతూ తిరుగుతూనే కాలిపోయాయి. చేతికందినవి తిన్నా. మిరియం కాస్త ఎక్కువైంది. ఆ మాటే కిందికి కేకేసి చెప్పా. అమ్మో, ఆ వీధి ఆడవాళ్ళ సంగతి తెలుసుగా. ఊరికే నిలబడ్డ మగాడు కనబడితే అప్పడాల కర్ర చేతికిస్తారు. ‘తిన్నావుగా, దిగి వచ్చి ఒత్తిపో’ అని ఒకటే అరుపులు. బల్లని కాళ్ళతో తోసుకుంటూ పారిపోయా.”

“అప్పడాలు పెసరవా, మినపవా?” అన్నాడు గోర్ధన్.

“రెండూ. అక్కణ్ణుంచి కంసాలుల వీధి. వాళ్ళు వాకిట్లో దుమ్ము కూడా వదలరుగా, ఊడ్చి జల్లెడ పట్టి అందులో బంగారు రజను ఏరుకుంటారు. దుమారానికి ఊరంతా తలుపులేసుకుంటే, వాళ్ళు మాత్రం మేడలెక్కి జల్లెళ్ళు పైకెత్తి నిలబడ్డారు. నన్ను చూసి ‘బులాకీ, ఒక్కసారి ధోవతి దులిపి పో, నీ పుణ్యముంటుంది’ అని బతిమాలారు. పాపం అనిపించింది. దులిపా. ఆ దుమ్ములోంచి ముక్కుపుడకకి సరిపడా బంగారం తేలిందిట.”

“పుడక ఎవరు పెట్టుకున్నారు?” అన్నాడు జేఠ్‌మల్.

“అదంతా నేనెందుకడుగుతాను? పరాయి ఆడవాళ్ళ ముక్కుల సంగతి నాకెందుకు?” అని బులాకీ మర్యాదస్తుడిలా చెవులు పట్టుకున్నాడు. “ఆ తర్వాత సేఠ్‌ల హవేలీల వీధి. ఒక్క తలుపు తీసి ఉంటే ఒట్టు. తాళాలు, పావురాలు, కాపలావాళ్ళు. మనిషి బల్లెక్కి ఆకాశంలో పోతుంటే కాపలావాడు తలెత్తి ఏమన్నాడో తెలుసా? ‘ఎవరింటికి?’ అన్నాడు. ఎవరింటికీ కాదు, ఇలా పై నుంచి పోతున్నా అన్నా. ‘సేఠ్‌జీ కలకత్తాలో ఉన్నారు, దీపావళికి రా’ అన్నాడు. ఆ వీధిలో ఆకాశం కూడా సేఠ్‌జీదే.”

ఈసారి మేఘరాజ్ కూడా నవ్వాడు, ఆ కాపలావాళ్ళతో వేగినవాడే గనక. జేఠ్‌మల్ నవ్వలేదు. కథ ఎంత పైకి పోతే ఆయన చూపు అంత కిందికి, బులాకీ చేతుల వైపు పోతోంది. మామూలుగా కోతలు కోసేటప్పుడు ఆ చేతులు గాల్లో ఈత కొడతాయి. ఇవాళ టీ గ్లాసు వదలడం లేదు.

బులాకీ ఆగలేదు. వైద్యుల వీధిలో, అంత ఎత్తున పోతున్నవాడికి కూడా నాడి చూస్తామని చేతులు చాచారట. చూసి, పైత్యం చేసిందని తేల్చారట. ఆ మాట మాత్రం నమ్మొచ్చన్నాడు మేఘరాజ్. అద్దకం వాళ్ళ వీధిలో తడి తలపాగాలు లేచొచ్చి బల్ల కోళ్ళకి చుట్టుకుని, బల్లే పెళ్ళికొడుకైందట. ఇక అక్కణ్ణుంచి తిన్నగా రైలు గేటు మీదికి తేలాడట.

అదిగో, అక్కడ జేఠ్‌మల్ చెయ్యెత్తాడు.

“ఆగు. అద్దకం వాళ్ళ వీధి నుంచి గేటుకి పోవాలంటే మధ్యలో ధోలియా చౌక్ తగలాలి. నడిచి పోయినా తగులుతుంది, ఎగిరి పోయినా తగులుతుంది. దాని మాటే ఎత్తవేం?”

బులాకీకి టీ పొలమారింది. కాసేపు దగ్గి, ఆ చౌక్ మీద ఇసుక మరీ దట్టంగా ఉందనీ ఏమీ కనబడలేదనీ అన్నాడు. అప్పడాల్లో మిరియం దాకా చెప్పినవాడికి ఒక చౌక్ చౌకంతా కనబడలేదట. జేఠ్‌మల్ ఊఁ అన్నాడు. ఆ ఊఁ వింటే బులాకీ భయపడాల్సిందే, కానీ కథ మంచి ఊపులో ఉంది.

“గేటు దగ్గరికొచ్చేసరికి ఆ తర్వాత ఏమైందో తెలుసా? గేటు పడింది. ఎగిరేవాడికి గేటేమిటంటావా? ఈ ఊళ్ళో గేటు పడ్డాక ఎవడైనా ఆగాల్సిందే. ఆటోలు ఆగాయి, ఒంటెబండ్లు ఆగాయి, నా బల్ల గాల్లో ఆగింది. నా వెనక పావురాలు ఆగాయి. వాటి వెనక దుమారం ఆగింది. రైలు రాదు, గేటు లేవదు. ‘అయ్యా, నేను పైనున్నాను, నాకు రైలు అడ్డం కాదు’ అని గేటువాడికి చెప్తే వింటాడా? అందరికీ ఒకటే రూలు అన్నాడు. నాకు మండిపోయింది. ఎడమకాలి జోడు ఊడబెరికి ఒక్కటి విసిరా చూడు, వాడి టోపీ ఎగిరి పట్టాల మీద పడింది. అంతే, గేటు లేచింది. ఆగి ఉన్న దుమారమంతా ఒక్కసారిగా తోసేసరికి నేను దొర్లి ఒంటెబండి గడ్డిలో పడ్డా. బల్ల ఆగకుండా పడమటికి పోయింది. ఈపాటికి సరిహద్దు దాటే ఉంటుంది. ఇక దాన్ని ఎవడు తేగలడు? దేవుడి దయ వల్ల నేను మిగిలా, అదే చాలనుకోండి.”

గోర్ధన్ తల ఊపుతూ కూర్చున్నాడు. కథ అయిపోయిందని అతని బాధ. బులాకీ తలపాగా కొసతో ముఖం తుడుచుకున్నాడు. బల్ల సంగతి ఇక ఎవరూ అడగరని అతని ధీమా.

“ఒక్క సంగతి, బులాకీ,” అన్నాడు జేఠ్‌మల్ మెత్తగా. “జోడు విసిరినప్పుడు నువ్వు బల్ల మీదే ఉన్నావా?”

“బల్ల మీదే. గాల్లో ఇంకెక్కడుంటాను?”

“కాలి నుంచి ఊడబెరికావు?”

“ఊడబెరికా.”

“అంటే, జోళ్ళతో బల్లెక్కావన్నమాట.”

గోర్ధన్ తల ఊపడం మానేశాడు. మేఘరాజ్ నోట్లోని తమలపాకు నమలడం మరిచిపోయి చూస్తున్నాడు. అబద్ధం ఎవడైనా ఆడతాడు, దానికేముంది. తాతలు కూర్చున్న బల్ల, చచ్చినవాళ్ళ పేరు చెప్పి కన్నీళ్ళు పెట్టుకున్న బల్ల, దాన్ని జోళ్ళతో తొక్కినవాడితో ఆ ఊళ్ళో కలిసి టీ తాగేవాడుండడు. బులాకీకి రెండే దారులు మిగిలాయి. తొక్కానని ఒప్పుకోవాలి, లేదా అంతా అబద్ధమని ఒప్పుకోవాలి.

“ఎక్కలేదు,” అన్నాడు బులాకీ. “మా అమ్మ తోడు, పుట్టి బుద్ధెరిగాక జోళ్ళతో ఎక్కలేదు.”

“మరి విసిరింది?”

“విసరలేదు.”

“గేటు?”

“పడలేదు.”

“అప్పడాలు?” అన్నాడు గోర్ధన్, కొంచెం ఆశగా.

“తినలేదు.”

“బల్ల ఎక్కడుంది బులాకీ?”

బులాకీ టీ గ్లాసు మెట్టు మీద పెట్టేశాడు. “ధోలియా చౌక్‌లో.”

ఆ తర్వాత చెప్పిందంతా తలొంచుకునే చెప్పాడు. నాలుగు రోజుల కిందట ఏదో పని మీద ధోలియా చౌక్ వెళ్తే, వాళ్ళు బల్ల మీద కూర్చోమన్నారు. ఏదో ఒక కథ చెప్పాడు. ఇంకోటి చెప్పమన్నారు. చెప్తూ చెప్తూ, మా చౌక్ బల్ల ముందు మీదెంత, పసిపిల్ల ఉయ్యాలంత, అనేశాడు. కొలుద్దామా అన్నారు. మాది చిన్నదైతే మీరే ఉంచేసుకోండి అని, వాళ్ళ బల్ల మీద కూర్చుని మాటిచ్చాడు. కొలిస్తే వాళ్ళదే బెత్తెడు పొడుగు తేలింది. దుమారంలో ఎవరూ చూడకుండా వాళ్ళ కుర్రాళ్ళొచ్చి మోసుకుపోయారు, దారి చూపిస్తూ ముందు నడిచింది బులాకీయే.

జేఠ్‌మల్‌కి ఒళ్ళు మండిపోయింది. ఫలోదీ ముసలాయన కళ్ళ ముందు కదిలాడు, మనవరాలి ముఖం కదిలింది. ఇంత ఊళ్ళో గొప్పలు చెప్పుకోవడానికి నీకు బల్ల తప్ప ఇంకేమీ దొరకలేదా, అంతగా నోటి దురద పెడితే మా దగ్గర ఏడవలేకపోయావా అని దులిపేశాడు.

“మీ దగ్గరా?” అన్నాడు బులాకీ, మొదటిసారి తలెత్తి. “నేను నోరు తెరవగానే మేఘరాజ్ మామ ఆవలిస్తాడు. గోర్ధన్ తిండి గురించి అడుగుతాడు. నువ్వేమో దొంగని చూసినట్టు నా ముఖంలోకి చూస్తావు. వాళ్ళు విన్నారు భాయ్‌జీ. ఒక్కడు లేచిపోలేదు. దీపాలు పెట్టేదాకా కూర్చుని విన్నారు. ఆ వేళ వాళ్ళు నా చొక్కా అడిగినా ఇచ్చేసేవాణ్ణి.”

ఇది మాత్రం నిజమని జేఠ్‌మల్‌కి తెలిసిపోయింది. ఆ ముఖంలో ఎంత వెదికినా అబద్ధం దొరకలేదు. అందుకే కోపం సగం చల్లారిపోయి, ఆ మిగిలిన సగంతో ఏం చెయ్యాలో తోచక కాసేపు గడ్డం గోక్కున్నాడు. బల్ల మీద ఇచ్చిన మాట. పోయి తగువు పెట్టుకునేందుకు లేదు, రాత్రికి రాత్రి ఎత్తుకొచ్చేందుకూ లేదు. వాళ్ళంతట వాళ్ళు తిరిగి ఇస్తేనే ఇచ్చినట్టు.

“రేపు పొద్దున్నే ధోలియా చౌక్‌కి పో,” అన్నాడు చివరికి. “జోళ్ళు విప్పి మన బల్లెక్కు. ఇప్పుడు మాకు చెప్పిందంతా మొదట్నుంచీ వాళ్ళకి చెప్పు. అయిపోగానే దిగొద్దు, మళ్ళీ మొదలెట్టు. ఎల్లుండి ఫలోదీ బండి దిగే వేళకి వాళ్ళే నిన్నూ బల్లనీ కలిపి మోసుకొచ్చి ఇక్కడ పడేసి, దణ్ణం పెట్టి పోతారు.”

మేఘరాజ్ పగలబడి నవ్వాడు, గోర్ధన్‌కి టీ ఒలికింది. బులాకీ నవ్వలేదు.

“మధ్యలో ఎవరూ లేచిపోరు కదా?” అని అడిగాడు.

“వాళ్ళ చౌక్ అది,” అన్నాడు జేఠ్‌మల్. “ఎక్కడికి పోతారు?”