ఆర్విడ్ మావయ్య పడవ పొడవు

వెర్నా ఎరల కొట్టు అరుగు మీద శనివారం పొద్దున కాఫీకి చేరేవాళ్ళందరికీ ఒక సంగతి బాగా తెలుసు. ఆర్విడ్ టొల్లెఫ్‌సన్ "అబ్బే, పెద్ద విశేషమేం కాదనుకో" అన్నాడంటే ఇక గంట దాకా ఎవరూ లేవక్కర్లేదు. పట్టాల్సిన చేపలు చెరువులోనే ఉంటాయి, ఎరకని డబ్బాల్లో పెట్టిన జలగలు డబ్బాల్లోనే ఉంటాయి, కాఫీ మాత్రం రెండోసారి కాయాలి.

ఆ శనివారం అతని కోడలు మార్లిస్‌కి అంత తీరిక లేదు. మధ్యాహ్నంలోగా పడవ సంగతి తేల్చాలి. ఊళ్ళో పడవల షాపువాడు రెండింటిని పక్కన పెట్టి ఉంచాడు. ఒకటి పద్దెనిమిది అడుగులది, ఏడుగురు కూర్చోవచ్చు. రెండోది పాతికడుగులది, పదహారు మంది ఎక్కొచ్చు. మార్లిస్‌కి చిన్నదే కావాలి. ఆమె మొగుడు కర్ట్ రోడ్లు వేసే పనిలో సోమవారం వెళితే శుక్రవారం రాత్రికి గానీ ఇల్లు చేరడు. ఇక్కడ ఎండాకాలం ఇలా వచ్చి అలా పోతుంది. ఆ కాసిని రోజులూ పడవని కారు వెనక కట్టుకుని రేవుకి తీసుకెళ్ళేది ఆమే, నీళ్ళలోకి దించేది ఆమే, నీళ్ళ మీద జారే స్కీ చెక్కలు తొడిగిన పిల్లలిద్దర్నీ తాడు మీద లాగుతూ నడిపేదీ ఆమే. పాతికడుగుల దాన్ని ఆమె కారు లాగలేదు, ఆమె ఒక్కతీ దించలేదు. అది కొంటే వారమంతా పడవ షెడ్డులో ఉంటుంది, పిల్లలు గట్టు మీద ఉంటారు.

ఈ మాటలన్నీ రాత్రే మొగుడికి చెప్పింది. అతను సరేనని తలూపాడు కూడా. తెల్లారి లేచి, "నాన్నని కూడా ఓ మాట అడుగుదామే" అన్నాడు. అక్కడొచ్చింది చిక్కు.

"పద్దెనిమిది అడుగులా?" అన్నాడు ఆర్విడ్, పాకం బన్ను కాఫీలో ముంచుతూ. "కొనుక్కోండి నాయనా, నేనేం వద్దన్లేదు. నేనూ కొన్నాను ఒకప్పుడు, పదహారడుగులది. అబ్బే, పెద్ద విశేషమేం కాదనుకో."

వెర్నా లేచి కెటిలు మళ్ళీ పొయ్యి మీద పెట్టింది.

"మా బావమరిది హార్లన్ తెలుసుగా, గుమ్మంలోంచి పక్కకి తిరిగి దూరేవాడు. వాడికి స్కీ చెక్కలు తొడిగి, తాడు చేతికిచ్చి, ఇంజను వేగం పెంచాను. పడవ కదిలింది, హార్లన్ కదల్లేదు. ఇంకా పెంచాను. పీకల్దాకా నీళ్ళలో ఉండి నన్ను చూసి నవ్వుతున్నాడే గానీ పైకి లేవడే! ఆ తర్వాత ఏమైందో తెలుసా? పడవ ముక్కు లేచింది. లేచి లేచి నిలువుగా నిలబడిపోయింది. నేను సీట్లో వెల్లకిలా పడి ఆకాశం చూస్తూ స్టీరింగు తిప్పుతున్నాను. పైన ఎగిరే బాతులు పక్కకి తప్పుకుని నాకు దారిచ్చాయి."

"పోయినేడు చెప్పినప్పుడు బాతులు లేవురా ఆర్విడ్" అన్నాడు ఎల్డన్. అతను ఆర్విడ్‌తో ఒకే బడిలో చదివి, ఆ రోజుల్నించీ ఈ కోతలు వింటున్నవాడు.

"పోయినేడు నాకు పంటి నొప్పి, అన్నీ చెప్పలేదు. ఒరే కర్ట్, చిన్న పడవతో వచ్చేది అదేరా. మనం మనిషిని లాగాలా, మనిషి మనల్ని లాగాలా?"

"అదీ నిజమేగా" అన్నాడు కర్ట్.

మార్లిస్ కప్పు కింద పెట్టింది. పెళ్ళై వచ్చిన దగ్గర్నించీ ఆ అరుగు మీద ఆమె "కాఫీ చాలు వెర్నా" అన్న మాట తప్ప ఇంకోటి గట్టిగా అన్నది లేదు.

"మర్నాడే పాతికడుగులది తెచ్చాను" అన్నాడు ఆర్విడ్. "హార్లన్ ఠక్కున లేచి నిలబడ్డాడు. నిలబడ్డవాడు ఊరుకున్నాడా? ఊరంతా చాటాడు. ఆదివారం చర్చి వదిలారో లేదో, పాటలు పాడే ముప్ఫైయిద్దరూ ఆ పొడుగు అంగీలతోనే రేవుకొచ్చి కూర్చున్నారు, మమ్మల్నీ లాగు ఆర్విడ్ అని. పాతికడుగులది వాళ్ళకే మూలకి? అప్పుడు తీశాను బయటికి, నూట ఇరవై అడుగులది."

"ఈ చెరువులోనా?" అన్నాడు కర్ట్.

"మరి మీ వంటింటి తొట్టిలోనా? విను ముందు. ముప్ఫైరెండు తాళ్ళు కట్టాను. సన్నగొంతు వాళ్ళు ఎడమవైపు, బొంగురు గొంతు వాళ్ళు కుడివైపు. ఒక్క లాగుకి అందరూ లేచారు, లేస్తూనే పాట అందుకున్నారు. వెనకాల పాస్టరు గారు ఒంటికాలి మీద వస్తున్నారు. పియానో వాయించే ఆవిడ వాయిద్యంతో సహా గాలి ట్యూబు మీద వస్తోంది."

"పియానో తడిసిపోలేదూ?" అంది వెర్నా.

"తడవాలంటే నీళ్ళు తగలాలిగా వెర్నా! ఆ వేగానికి ట్యూబు నీళ్ళకి జానెడు పైన పోతోంది." ఆర్విడ్ బన్ను ముక్క నోట్లో వేసుకుని, అది మింగేదాకా కూడా ఆగలేక మొదలెట్టాడు. "ఇక పడవ పొడవు సంగతి చెప్తా. ముక్కు దగ్గర ఎండ కాస్తుంటే తోక దగ్గర వాన పడేది. ముందున్నవాళ్ళు చొక్కాలు విప్పేసి విసురుకుంటున్నారు, వెనకవాళ్ళు గొడుగులు పట్టుకున్నారు. ముందు వండిన కూర వెనక్కి చేరేసరికి చల్లారుతోందని మధ్యలో ఇంకో పొయ్యి పెట్టించాను. ఆదివారం ముక్కు మలుపు తిప్పితే తోక తిరిగేసరికి మంగళవారం అయ్యేది."

"అమ్మో, మరి వాళ్ళ ఉద్యోగాలు?" అంది వెర్నా.

"సెలవు చీటీలు సీసాల్లో పెట్టి వదిలారు. అదలా ఉంచు, ఇంకోటుంది. తోక దగ్గర కూర్చున్న కుర్రాడికి ముక్కు దగ్గరున్న పిల్ల నచ్చింది. పలకరిద్దామని లేచి నడుచుకుంటూ వచ్చాడు. పాపం, వాడొచ్చేసరికి ఆ పిల్లకి పెళ్ళైపోయింది!"

ఎల్డన్ తొడ చరుచుకున్నాడు. కర్ట్ కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నాడు. మార్లిస్‌కీ నవ్వొచ్చింది. కానీ గోడ మీద గడియారం పదకొండు దాటింది, మొగుడి చెయ్యి మాటిమాటికీ ఫోను ఉన్న జేబు మీదికి పోతోంది.

"అప్పుడు లేచింది చూడూ అల!" ఆర్విడ్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "చెరువు నీళ్ళన్నీ ఆ అలలోకే పోయి అడుగు తేలింది. పాపం చేపలు ఏం చేస్తాయి, నడిచాయి. వెర్నా వాళ్ళ నాన్న పొద్దున్నే ఈ తలుపు తీసి చూస్తే, ఇదే అరుగు మీద చేపలు వరసగా నిలబడి, ఎర ఉందా అని అడుగుతున్నాయి!"

"మా నాన్న నాతో ఎప్పుడూ చెప్పలేదే!" అంది వెర్నా.

"వ్యాపార రహస్యాలు ఆడపిల్లకి చెప్తాడా? ఇంతలో ఏమైందో తెలుసా, అవతలి గట్టు నుంచి పెద్దకొమ్ముల దుప్పి ఒకటి ఈదుకుంటూ సరిగ్గా దారికడ్డం వచ్చింది. తాడు దాని కొమ్ములకి చుట్టుకుంది. సరే, కాళ్ళు నాలుగు కాబట్టి రెండు జతల చెక్కలు విసిరాను. తొడుక్కుంది! అలా నిలబడిందయ్యా, వంక పెట్టడానికి లేదు. అదే మా హార్లన్‌కి నిలబడ్డం రావడానికి మూడు ఎండాకాలాలు పట్టింది."

"పాతికడుగులది రాగానే ఠక్కున నిలబడ్డాడన్నావుగా?" అన్నాడు ఎల్డన్.

"నిలబడ్డాడు. దుప్పిలాగా నిలబడలేదు." ఆర్విడ్ కొడుకు వైపు తిరిగాడు. "చూశావట్రా? చెక్కల మీద నిలబడి అలిసిపోయిన దుప్పిని పడవలోకి ఎక్కించుకోవాలా వద్దా? చిన్నది కొంటే దాన్నెక్కడ కూర్చోబెడతావ్?"

కర్ట్ నవ్వుతూనే ఫోను తీశాడు. "నాన్న మాటల్లో తొంభై పాళ్ళు కొట్టేసినా, పెద్దదుంటే మంచిదేమోనే మార్లిస్. ఎవరో ఒకళ్ళు వస్తూనే ఉంటారుగా." షాపు నంబరు మీదికి వేలు పోనిచ్చాడు.

మార్లిస్ ఇక ఆగకుండా అడిగేసింది.

"మావయ్యా, ఆ నూట ఇరవై అడుగుల పడవని నీళ్ళలోకి దించిందెవరు?"

అరుగంతా ఒక్కసారి ఆమె వైపు తిరిగింది. ఆర్విడ్‌కి కారుకి తగిలించిన పడవ ట్రైలరుని వెనక్కి నడిపి నీళ్ళలోకి దించడం చేతకాదని ఆ ఒడ్డున అందరికీ తెలుసు. అతను కుడికి తిప్పితే ట్రైలరు ఎడమన రెల్లుపొదల్లో దూరేది. చనిపోయిన అతని భార్యే ఎప్పుడూ బండి దిగమని, తను ఎక్కి, ఒక్క ఊపులో దించేది.

ఆర్విడ్ రెండుసార్లు కళ్ళు ఆర్పాడు. "దించడమేమిటమ్మాయ్! అంత పడవని దించుతారా ఎవరైనా? చెరువే పొంగి మా షెడ్డు దాకా వచ్చింది. తలుపు తీశాను, అదే తేలుతూ బయటికొచ్చింది."

"అయితే ఆ చెరువుకి ఓ మాట చెప్పిపెట్టండి" అంది మార్లిస్. "సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజూ సాయంత్రం మా షెడ్డు దాకా రమ్మనండి. మీ అబ్బాయి ఊళ్ళో ఉండడు, నా కారు పాతికడుగుల దాన్ని లాగదు. చెరువు వస్తానంటే పెద్దదే కొందాం మావయ్యా. రానంటే చిన్నది."

ఎల్డన్‌కి తాగుతున్న కాఫీ ముక్కులోంచి వచ్చింది. వెర్నా కెటిలు కింద పెట్టి కడుపు పట్టుకుంది. కర్ట్ ఫోను చెవి దాకా తీసుకెళ్ళినవాడు ఆగిపోయాడు. పెళ్ళాం రాత్రి చెప్పిందంతా ఇప్పుడు తలకెక్కినట్టు ఆమె వంక చూశాడు. తర్వాత తండ్రి వంక చూశాడు.

"నాన్నా, చెరువేమంటోంది?"

ఆర్విడ్ చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని నీళ్ళకేసి చూశాడు. "ఈ ఏడు దానికి మోకాళ్ళ నొప్పులుట" అన్నాడు.

"పద్దెనిమిది అడుగులది ఉంచండి, వస్తున్నాం" అన్నాడు కర్ట్ ఫోనులో.

అందరూ నవ్వి నవ్వి ఎవరి కప్పులు వాళ్ళు తీసుకున్నారు. ఆర్విడ్ మాత్రం కూర్చుని బన్ను పొడి చేస్తున్నాడు. మార్లిస్‌కి గుండె చివుక్కుమంది, కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"కోపమొచ్చిందా మావయ్యా?"

"కోపమెందుకమ్మా." అతను గొంతు తగ్గించాడు. "ఏడుగురిది కదా అది. మీరు నలుగురు. పిల్లల స్నేహితులు ముగ్గురో నలుగురో వస్తారు. అదే పదహారు మందిదైతే, ఏదో ఒక మూల ముసలాడు కూడా…"

మార్లిస్‌కి అప్పుడర్థమైంది, ఇంతసేపూ చోటు అడిగింది దుప్పికి కాదని.

"మీరు ఎక్కకపోతే పడవే కదలదు మావయ్యా" అంది. "నేను ముందుకి చూస్తూ నడపాలి కదా. తాడు మీదున్న పిల్లల్ని చూడ్డానికి ఇంకో పెద్దమనిషి వెనక్కి తిరిగి కూర్చోవాలి. ఇక్కడి రూలు అది, లేకపోతే చెరువు మీద తిరిగే పోలీసులు ఊరుకోరు. మీ అబ్బాయి ఉండడు. ఇంకెవరున్నారు నాకు?"

ఆర్విడ్ మొహం వెలిగిపోయింది. నిటారుగా కూర్చున్నాడు. "ఓస్, అదెంత పని! నేనొకసారి అలా వెనక్కి తిరిగి కూర్చుని ఒకేసారి నలభైమందిని…"

"ఆగండాగండి. ఒక్క షరతు. పిల్లలు ఒకసారి పడితే ఒకసారే పడ్డారని చెప్పాలి. లేస్తే లేచారని చెప్పాలి. నేను మీ మాట విని పడవ తిప్పుతాను."

"కొంచెం కూడా కలపకూడదా?"

"కలపకూడదు."

ఆర్విడ్ బన్ను పొడంతా వేలితో ఒక కుప్పగా చేరుస్తూ ఆలోచించాడు. ఎల్డన్ అతన్ని అంత కష్టంలో ఎప్పుడూ చూడలేదు.

"మరి ఒడ్డుకొచ్చాకో?" అన్నాడు చివరికి.

"ఒడ్డుకొచ్చాక మీ ఇష్టం మావయ్యా" అంది మార్లిస్.