అమ్మకం లేని నెలలు

జగ్గయ్యపేట నుంచి నందిగామ వెళ్ళే బస్సులో, ఈ ఏడే బీకాం పూర్తిచేసిన అమ్మాయి పక్కన ఆమె బాబాయి కూర్చున్నాడు. ఆయన ఒళ్ళో సీఏ కోచింగ్ దరఖాస్తు ఉంది.

"సంతకం పెట్టమ్మా. విజయవాడలో హాస్టల్ కూడా మాట్లాడా."

"నేను జీఎస్టీ ప్రాక్టీషనర్ పరీక్ష రాస్తా బాబాయ్."

"అదేం చదువే? జిరాక్స్ షాపు పక్కన బల్లేసుకుని కూర్చోడమేగా. సీఏ అంటే జనం లేచి నిలబడతారు."

"నాన్నకి సీఏ అక్కర్లేదు. నెలనెలా జీఎస్టీ ఆఫీసుకి అమ్మకం సున్నా అని లెక్క పంపే మనిషుంటే సరిపోయేది."

"అప్పుడు అన్నయ్య ఆస్పత్రిలో ఉన్నాడు, కొట్టు మూసుంది. ఇంక పంపేదేంటి?"

"మూసినా పంపాలి. ఆర్నెల్లు పంపలేదని రిజిస్ట్రేషన్ తీసేసారు. జీఎస్టీ బిల్లివ్వలేని బోల్టుల కొట్టుకి ముక్త్యాల లారీలవాళ్ళు రావడం మానేసారు. ఇప్పుడు నాన్న వేరేవాళ్ళ కొట్లో బోల్టులు తూస్తున్నాడు."

ఆమె గొంతు టికెట్ అడిగినంత మామూలుగా ఉంది.

"అందుకేగా పెద్ద చదువు చదవమంటున్నా."

"నేను సీఏ అయ్యేసరికి నాలుగేళ్ళు పడుతుంది. మిరపకాయల సీజన్ అయ్యాక నందిగామలో నీ కొట్లో గోనె సంచులు ఎన్ని అమ్మావు?"

"ఒక్కటీ లేదు. జూన్ నుంచి తాళమే తియ్యలేదు."

"సున్నా అని పంపావా?"

బాబాయి ఒళ్ళోని దరఖాస్తు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఇది ఏ నెలమ్మా?"

"అక్టోబరు. ఇంకా ఆర్నెల్లు కాలేదు బాబాయ్. జీఎస్టీ కాయితాలు కొట్లోనేగా, తాళం తెచ్చావా?"