నీలి బాన పాట

ఆ పాట ఎక్కడ పుట్టిందని అడిగితే ఏం చెప్పనే అమ్మడూ, మా పెద్దమ్మ బానలో పుట్టింది. నవ్వకు. వేలయేళ్ళ కిందట వీరులు యుద్ధానికి పోతూ పాడేవారని నీ పుస్తకంలో ఉందా? ఉంటుంది, నేనూ చదివాను. నాకు అక్షరాలొచ్చిందే మీ అమ్మ పెళ్ళయ్యాక కదా, ఒక్కో ముక్కా కూడబలుక్కుంటూ చదివి, ఆ వీరుల దగ్గరికొచ్చేసరికి వేలు అక్కడే పెట్టి మళ్ళీ మళ్ళీ చదివాను. వీరులేమిటి, పాడింది మా పెద్దమ్మా, ఆమె చుట్టూ అద్దకపు ఇంటి ఆడవాళ్ళూ, మోచేతుల దాకా నీలంతో. అబద్ధం రాశారని అనను. రాసినవాళ్ళకు ఎవరో చెప్పే ఉంటారు. మా పెద్దమ్మే చెప్పిందేమో కూడా, ఆ ముచ్చట వస్తుంది ఉండు.

పెద్దమ్మంటే మా అమ్మకు అక్క. పేరు పెట్టి పిలిచినవాళ్ళెవరూ లేరు, ఊరంతటికీ నీలిచేతులామె. అద్దకపు ఇల్లు మా అమ్మమ్మ నుంచి ఆమెకు వచ్చింది. పిల్లల్లేరు. మొగుడు బండి మీద అద్దిన గుడ్డ తాన్లు వేసుకుని ఊళ్ళు తిరిగేవాడు, మాట తక్కువ మనిషి, ఆయన సంగతి వదిలెయ్. ఆమె చేతులు చూసి కొత్తవాళ్ళెవరైనా "కడుక్కుని రావమ్మా" అంటే, "కడుక్కునే వచ్చానయ్యా, నువ్వు కళ్ళు కడుక్కో" అనేది. లోపల వరసగా బానలు, నేలలో పాతినవి, ఒక్కోదానికి అటొకరు ఇటొకరు. తడిపిన తానుని నీలిమందు నీళ్ళలో ముంచి, పైకి తేలనివ్వకుండా, నీళ్ళ కిందే మెల్లగా తిప్పుతూ ఉండాలి. చెయ్యి ఆగిందా, మచ్చ పడ్డట్టే. మరి ఎంతసేపు తిప్పాలి? దానికే పాట. పాట ఎత్తుకోగానే గుడ్డ మునగాలి, పాట అయిపోగానే లేవాలి. పాటంతా కలిపి ఒక మునక. బయటికి తీసేసరికి ఆకుపచ్చగా ఉంటుంది, గాలి తగిలేకొద్దీ నీ కళ్ళ ముందే నీలమైపోతుంది. ఎన్నేళ్ళు చూసినా నాకు అది వింతే. "మునిగినది లేచునే, లేచినది వెలుగునే" అని కదా పాట. అదంతా గుడ్డ సంగతే తల్లీ, గుడ్డ గురించి తప్ప అందులో ఇంకేమీ లేదు.

ఆ తర్వాత పాతవాళ్ళ పాలన పోయి మనకు మన దేశం వచ్చింది. దేశమైతే వచ్చింది గానీ దానికి పాట లేదు. బ్యాండు మేస్టరు ఒకాయన ఊరూరా తిరిగి పాటలు వింటున్నాడు, వినగానే ఇది మనది అనిపించేది కావాలట. అద్దకపు ఇంటి ముందు ఆగాడు. లోపలికి రమ్మంటే రాలేదు, తెల్ల బట్టలు మరి. గుమ్మంలోనే నిలబడి మొత్తం విని కళ్ళు తుడుచుకున్నాడు. "మునిగినది లేస్తుందంటున్నారు, అది మనమే కదమ్మా" అన్నాడు. పెద్దమ్మ పిండుతున్న తాను చూపించి "ఇదండీ" అందట. ఆయన వింటేగా. మంచివాడే పాపం. మళ్ళీ పనిగట్టుకుని వచ్చి చెప్పిపోయాడు కూడా, "చరణాలు కొన్ని తీసేశాం, నడక పెంచాం, ఎండలో జనం అంతసేపు నిలబడలేరు కదమ్మా" అని. నిజమే కదా అనుకుంది ఆమె.

అదే దేశం పాటయ్యాక బళ్ళో సభ పెట్టి ఆమెకు ముందు వరసలో కుర్చీ వేశారు. హెడ్మాస్టరు లేచి, ఈ పాట పాడుతూ వీరులైన పూర్వులు కత్తులు దూశారు అని మొదలుపెట్టాడు. ఆమె పక్కావిడ చెవిలో "ఎవరి పూర్వులమ్మా?" అని అడిగింది. "మీవాళ్ళేనట" అందావిడ. ఇంటికొచ్చాక అన్నం ముందు కూర్చుని మొగుడితో, "మావాళ్ళు యుద్ధానికి పోయే ఉంటారు, మనకెవరు చెప్పారు? మా తాతకి కాలు కుంటి కదా, ఊరికే కుంటవుతుందా?" అంది. "బాన గట్టు మీద జారాడన్నావు కదే" అన్నాడాయన. "అలా అని మాకు చెప్పారు" అంది. తర్వాత పత్రికవాళ్ళొచ్చి అడిగితే తాత కాలు సంగతి ఆమే చెప్పింది. అబద్ధమని చెప్పలేదమ్మా, నమ్మే చెప్పింది. ఆమె నడకే మారిపోయింది. అంతకుముందు అద్దకం వాళ్ళు ఎదురొస్తే నీలం అంటుతుందని జనం పక్కకు జరిగేవారు. ఇప్పుడూ జరిగేవారు, దారి ఇవ్వడానికి. ఆ రెండు జరగడాలకీ తేడా ఎంతో అది పడ్డవాళ్ళకి గానీ తెలియదు.

ఇంతలో జెండా గుడ్డ అద్దే పని వచ్చింది. పాట ఎవరిదో జెండా వాళ్ళదే అన్నారు. ఆ రోజు ఆడవాళ్ళందరినీ పిలిచి, "ఇది దుప్పటీ గుడ్డ కాదు. పాటని మన ఇష్టమొచ్చినట్టు సాగదీయకండి. బ్యాండువాళ్ళు ఎలా పాడుతున్నారో అలాగే, గౌరవంగా" అంది. పాడారు, చురుగ్గా, పొట్టిగా. పాట అయిపోగానే తాన్లు ఎత్తేశారు. చేతులకు అదే కదా అలవాటు. ఆరేసి చూస్తే ఏముంది, మా అమ్మమ్మ నాటి నీలం అర్ధరాత్రి ఆకాశంలా ఉండేది, ఇది తెల్లవారినట్టు పాలిపోయింది. ఎవర్నని ఏం లాభం, ఆమె మాటే. మళ్ళీ ముంచుదామంటే వ్యవధి లేదు, బండి గుమ్మంలో ఉంది. ఇచ్చి పంపి, జెండా ఎక్కే రోజున తల దించుకుని ఓ మూల నిలబడింది. జెండా ఎక్కింది, గాలికి విప్పుకుంది. జనం ఏడ్చారే అమ్మడూ. "అచ్చం మన ఏటి రంగు" అని ఒకరు, "కాదు, మన ఆకాశం" అని ఒకరు. ఆమె తలెత్తి చూసింది. చూసి ఏడ్చింది. సిగ్గుతో మొదలైన ఏడుపు మధ్యలో ఎక్కడో సిగ్గు కాకుండా పోయిందని నాతో చెప్పింది.

మరుసటేడు మళ్ళీ తాన్లొస్తే, ఈసారి తప్పు దిద్దుకుందామని పాతపాట మొత్తం పాడించి, చిక్కగా వాళ్ళమ్మ రంగు తేల్చి పంపింది. తిరిగొచ్చాయి. వెంట వచ్చిన ఆఫీసరు, "ఇది దేశం రంగు కాదమ్మా" అన్నాడు. "అసలు రంగు ఇదే నాయనా, అప్పుడిచ్చిందే పొరపాటు" అంది. "అయ్యుండొచ్చు. కానీ జనం ఏడ్చింది దాన్ని చూసి కదమ్మా" అన్నాడు. ఏడ్చినవాళ్ళలో తనూ ఉంది మరి. ఇక ఊళ్ళో దుప్పట్లకీ, కిటికీ తెరలకీ, అన్నిటికీ జెండా నీలమే కావాలి. చిక్కటిది చూపిస్తే "ఇది ఏ దేశం రంగండీ?" అని అడిగేవారు. అంతమంది ఆడవాళ్ళ పొట్టలు ఆ బానల మీదే కదా, సరేనంది. కానీ పెరటివైపు చిన్న బాన ఒకటి వాళ్ళమ్మ రంగు కోసం ఉంచుకుంది. ఆ రంగు తనతో పోకూడదని, అదొక్కటే ఆమె బెంగ. అందుకే నన్ను పిలిపించుకుంది.

నేను వెళ్ళేనాటికి అద్దకపు ఇంట్లో గొంతు లేదు. అదో తమాషా. దేశం పాట వినబడితే ఎక్కడివాళ్ళక్కడ నిలబడాలి కదా. పొద్దున్నే వీళ్ళు పాట ఎత్తుకుంటే వీధంతా నిలబడిపోయేది. మంగలి కత్తి గాల్లో, ఎవరి గడ్డం మీదో సబ్బు ఆరిపోతూ. పెద్దమ్మ మేనల్లుడు కానిస్టేబులు, సైకిలు దిగి సెల్యూటు కొట్టేవాడు. ఒక మునక అయిందని సైకిలెక్కితే రెండో మునక. చివరికి ఒకరోజు వచ్చి గుమ్మంలో చతికిలబడ్డాడు. "అత్తా, రోజూ డ్యూటీకి ఆలస్యమే. పైగా మీరు పాడుతూ కదులుతున్నారు. కదలకూడదత్తా." "నేను నిలబడితే గుడ్డ నిలబడుతుంది, గుడ్డ నిలబడితే మచ్చ నిలబడుతుందిరా." "మరి నన్నేం చెయ్యమంటావు?" "చెవుల్లో దూది పెట్టుకో." "దేశం పాటకి దూది పెట్టుకోనా అత్తా" అన్నాడట, నిజంగా మనసు కష్టపెట్టుకుని. ఆ మాటకి ఆమె తగ్గింది. నిజమే, తప్పే, అంది. మర్నాటి నుంచి అందరూ పెదాలు కదుపుతూ లోపల్లోపలే పాడుకోవడం. ఏటి అవతలి అద్దకం వాళ్ళదీ ఒకప్పుడు ఇదే పాట, ఇప్పుడు వాళ్ళది వేరే దేశం. అది మన దేశానిది అయ్యాక వాళ్ళు అసలు మాది కాదని మానేసి, మునక లెక్కకు గోడ గడియారం కొనుక్కున్నారట. మేం అదీ కొనుక్కోలేదు.

చిన్న బానకి అటు ఆమె, ఇటు నేను. నా కళ్ళు ఆమె పెదాల మీద. పెదాలు ఆగితే గుడ్డ ఎత్తాలి. రంగు ఒక్కసారీ తప్పలేదు. బ్యాండు మేస్టరు తీసేసిన ఆ చరణాలు నాకు పెదాలుగానే తెలుసు. అక్షరాలొచ్చాక రాయబోయాను, పెదాలు మూసుకోవడం వరకు గుర్తుంది, మూసుకుని ఏమన్నాయో తెలియదు. ఆమెకు చేతులు వణకడం మొదలయ్యాక ఒకరోజు అడిగాను, "పెద్దమ్మా, ఒక్కసారి పైకి పాడవూ, రేపు నేనెవరి పెదాలు చూడను" అని. తలుపు వేసి రమ్మంది. వేసొచ్చాను. గుడ్డ నీళ్ళలో ఉంది, చేతులు తిరుగుతున్నాయి. నోరు తెరిచింది. బ్యాండు పాట వచ్చింది. ఆగి, కళ్ళు మూసుకుని, మళ్ళీ ఎత్తుకుంది. మళ్ళీ అదే, రోజూ లౌడ్‌స్పీకర్లో వచ్చేదే. మూడోసారి ఇక ఆపలేదు, మధ్యలో ఆపకూడదు కదా. నేనెప్పుడు నిటారుగా నిలబడ్డానో నాకే తెలియదు, చేతులు పక్కకి, వేళ్ళ నుంచి నీలం కారుతూ. ఆమె కూడా నిలబడింది. తలుపు వేసుంది, చూసేవాళ్ళెవరూ లేరు. చక్కగా పాడింది. నాకు కళ్ళవెంట నీళ్ళొచ్చాయి, ఆ పాటకి వస్తాయి కదా. అయ్యాక వంగి గుడ్డ తీసి గాలికి పట్టింది. ఆకుపచ్చ నీలంలోకి తిరిగింది, నిండా మచ్చలు. దాన్ని చూసి, "చేతుల్లో ఉందే పిల్లా, గొంతులోకి రావట్లేదు" అంది. బాన మీద మూత పెట్టేసింది.

ఊఁ? లేదమ్మా, ఆ మూత మళ్ళీ తియ్యలేదు. నేనా? నాకెక్కణ్ణుంచి వస్తుంది. పెదాలు కదిపి చూపించనా, ఉండు... ఊఁహూ. ఆ కిటికీ కాస్త వెయ్యి అమ్మడూ, చలిగాలి వస్తోంది.