వంకలో వదిలిన బల్ల

1951 జూన్ 11వ తేదీన మా సర్వే కార్యాలయంలో ఉద్యోగ బాధ్యతలు స్వీకరించిన శ్రీ హుస్సేన్ బాషా గారు, పద్దెనిమిదేళ్ల అవిశ్రాంత సేవానంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. అంతకుముందు సైన్యంలో పటాలు గీసిన అనుభవంతో వచ్చిన ఆయన, బత్తలపల్లె మొదలు ముదిగుబ్బ వరకు ప్రతి గుట్టను, వంకను, గొర్రెల మేత బీడును కాలినడకన కొలిచి కాగితంపై నిలిపారు. గీత తప్పితే మాలో ఎవరినైనా సరే మళ్లీ ఎండలోకి తరిమేవారు. ఆ కోపం మేమందరం రుచి చూసినదే.

1958లో ముదిగుబ్బ దాపున జరిగిన సంఘటన చెప్పక తప్పదు. ఆ సంవత్సరపు పటం పూర్తయితే ఆయనకు పదోన్నతి ఖాయమని అందరం అనుకుంటున్నాం. పని ముగింపుకు వచ్చిన రోజున బాషా గారు ఎండిన వంక ఇసుకలో, పటం పరిచిన మూడుకాళ్ల సర్వే బల్ల నిలిపి, ఎగువ కొండపై ఖలాసీ కూలీలు పాతిన తెల్లజెండాను గురి చూస్తున్నారు. ఉన్నట్టుండి జెండా కనిపించలేదు. కొండంతా వానలో మునిగిపోయింది. ఆ కొండ వాలులన్నీ తామే గీసినవారు కనుక, ఆ నీరంతా ఈ వంకలోకే వస్తుందని ఆయనకు వెంటనే తెలిసిపోయింది. కాస్త దిగువన, అదే ఇసుకలో, సుంకమ్మ అనే కాపరి ఈనిన గొర్రెలను పిల్లలతో సహా ముళ్లకంప దొడ్డిలో ఉంచింది.

బాషా గారు పరుగున వెళ్లి, "నీళ్లొస్తాయమ్మా, దొడ్డి విప్పు" అన్నారు.

"యాడి నీళ్లప్పా? ఈ వంక పారి ఎన్నేండ్లాయనో. నీకు ఎండ తలకెక్కినట్టుండాది."

ఆయన కంప లాగి పారేసి, చేతికందిన పిల్లలను గట్టుకు చేర్చసాగారు. తల్లులు అరుస్తూ వెంటపడ్డాయి. ఎగువన హోరు వినబడ్డాక సుంకమ్మ కూడా చెరో చంకన ఒక పిల్లను ఎత్తుకుంది. చివరి పిల్లతో ఆయన గట్టెక్కేసరికి ఎర్రనీళ్లు వంక నిండా వచ్చేశాయి.

"నీ బల్ల పోతాండాదప్పా" అన్నదామె.

"పోనీలేమ్మా. కొండ యాడికీ పోదు, మళ్లా గీసుకుంటా."

ఈ సంగతంతా సుంకమ్మే తరువాత మాతో చెప్పింది.

పైవారు సంజాయిషీ అడిగారు, పదోన్నతి ఆగిపోయింది. మరుసటి ఏడు ఆయన అదే వంక వెంట మొదటినుంచి నడిచి, పటంపై దాన్ని చూపే నీలిగీత పూర్తిచేశారు. 1964లో అక్కడ గొర్రెల పెంపక క్షేత్రం వెలసినప్పుడు, ఆ గీతను చూసే దొడ్లన్నీ మెరకన కట్టారు. ఆ సంవత్సరం వచ్చిన వరదకు ఒక్క పిల్ల కూడా కొట్టుకుపోలేదు. ఆగిన పదోన్నతి మాత్రం నేటికీ రాలేదు. అది అన్యాయమని మా కార్యాలయ పత్రిక ఈ సంచికలోనే రాస్తున్నాను, ఎవరేమనుకున్నా సరే.

బాషా గారూ, కొండలు ఎక్కడికీ పోవు. ఇకపై జెండా కోసం కళ్లు చికిలించే పనిలేకుండా, శ్రీమతి గౌస్‌బీ గారితో కలిసి, వాటిమీద వాన పడుతుంటే తీరికగా చూస్తూ, సంపూర్ణ ఆరోగ్యంతో మీరు నిండు నూరేళ్లు జీవించాలని మా అందరి ఆకాంక్ష.