గాలిపంపు బాబాయ్ కొండ దిగిన వైనం

శనివారం మధ్యాహ్నం అయిందంటే మా మనవరాలి సైకిలు షాపు ముందు అరుగు మీద చోటు దొరకదు. మర్నాడు పొద్దున్నే కొండకి వెళ్లేవాళ్లంతా బళ్లు చూపించుకోవడానికి వస్తారు. సైకిళ్లని వ్యానులో కొండ పైదాకా ఎక్కించి, అక్కణ్ణించి రాళ్ల దారిలో తొక్కుకుంటూ దిగి రావడం వాళ్లకి సరదా. ఎక్కించినవాటిని మళ్లీ దింపడం ఎందుకు నాయనా అని నేను అడిగితే నవ్వుతారు. వాళ్లు నవ్వుతుంటే చూడ్డం నాకు బాగుంటుంది.

ఆవేళ లెక్కల మాస్టారి చేతిలో కాగితం ఉంది. వ్యానులో ఆరుగురికి చోటు. ఐదు పేర్లు రాసేశారు, ఆరోది ఖాళీ. ఆ ఖాళీ కోసమే గాలిపంపు బాబాయ్ వచ్చాడని అందరికీ తెలుసు. లిఫ్టులు బాగుచేసే పని అతనిది. ఎంత చిన్న ముక్కనైనా గాలి కొట్టి ఏనుగంత చేస్తాడని ఆ పేరు పెట్టారు. అతనికీ ఆ పేరంటే కోపం లేదు.

"రాసెయ్యండి మాస్టారూ, ఇంకా ఆలోచన దేనికి?" అన్నాడు, తన సైకిలు తెచ్చి నా పీట పక్కన గోడకి ఆనిస్తూ.

"నీ బండిని చూస్తే జాలేస్తోంది బాబాయ్," అన్నాడు టైలరు. అతను ఆ నెలలోనే కొత్త సైకిలు కొన్నాడు. "ముందు షాకబ్జర్లు లేవు, వెనకా లేవు. కొండ దిగేసరికి నీ ఎముకలు సంచీలో వేసుకుని రావాలి."

అంతే. బాబాయ్ అరుగెక్కి బాసింపట్టు వేశాడు.

"షాకబ్జర్లా! కొండ దిగడానికా, పరుపు మీద పడుకోడానికా? రాయి తగిలిందో లేదో ఒంటికి తెలియకపోతే నువ్వు కొండ దిగినట్టా, మంచం దిగినట్టా? ముందు వైపు చెయిన్ తిరిగే పళ్ల చక్రాలు మూడుంటే గొప్పన్నారు, తర్వాత రెండు చాలన్నారు, ఇప్పుడు ఒకటే గొప్పంటున్నారు. నేను పుట్టి బుద్ధెరిగినప్పట్నించీ ఒకదాంతోనే తొక్కుతున్నాను, నన్ను ఒక్కడైనా గొప్పవాడన్నాడా? చక్రం ఇరవై ఆరు అంగుళాలైతే పాతకాలం వాడట, ఇరవై తొమ్మిది ఉండాలట. ఆ మూడంగుళాల్లోనే ఉందేంట్రా మీ ధైర్యమంతా? ఇక హ్యాండిలు! గేదె కొమ్ముల్లా బారెడు పొడుగు, మా సందులోకి రావాలంటే ఎండ్రకాయలా అడ్డంగా నడవాలి. సీటుందా, మీట నొక్కితే కిందికి పోతుందట. ముప్పై ఏళ్ల నుంచీ మీట నొక్కితే కిందికి పోయేవే బాగుచేస్తున్నాను నాయనా, వాటిని నమ్మకండి, మధ్యలో ఆగిపోతాయి!"

అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. బాబాయ్ మాత్రం నవ్వలేదు.

"అయిపోయింది పిన్నీ, సైకిలు పని అయిపోయింది," అన్నాడు నాతో. "ఇప్పటికే బ్యాటరీ సైకిళ్లొచ్చాయి. చెమట బ్యాటరీది, మెడలో పతకం వీళ్లది. ఇంకో పదేళ్లకి సైకిలు ఒక్కటే కొండకి పోయొస్తుంది, వీళ్లు ఇంట్లో కాళ్లు చాపుకుని ఫోన్లో చూస్తారు. పడేవాడు లేడు, లేచేవాడు లేడు. అసలు వీళ్లలో ఎవడికైనా తెలుసా, ముందు బ్రేకు లేకుండా నేను ఆ కొండ దిగానని?"

"అందులో ఏముంది, ఒకసారి నేనూ దిగాను," అన్నారు మాస్టారు.

"పూర్తిగా చెప్పనివ్వరేం? ముందు బ్రేకు లేదు, సరే. రెండో మలుపులో వెనక బ్రేకు తీగ కూడా టప్పున తెగింది. మీరైతే దిగిపోదురు. నేను చక్రానికి చెప్పు అడ్డం పెట్టాను. చెప్పు అరిగిపోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? లోపల మేజోడు అరిగింది, మడమ కూడా అరిగితే రేపు పనిలో నిచ్చెన ఎక్కేదెలా అని కాలు పైకి లాగేశాను. ఇంక బండికి పగ్గాల్లేవు! నాలుగో మలుపులో ఎంత వాలానంటే, చెవి నేలకానింది. ఆనిందా, చెవిలోకి చీమ దూరింది. ఐదో మలుపు అటు తిరుగుతుంది కదా, అటు వాలేసరికి ఆ చీమ రెండో చెవిలోంచి దిగి దాని దారిన అది పోయింది."

"మధ్యలో దానికేమీ అడ్డం తగల్లేదా బాబాయ్?" అన్నాడు టైలరు.

"అదీ కిటుకు! బరువు తగ్గాలని నువ్వు కార్బన్ ఫ్రేము కొన్నావు. నాకు పుట్టుకతోనే తల తేలిక."

టైలరు చేతిలో టీ ఒలికిపోయింది. "కోత కొయ్యడం నా వృత్తి బాబాయ్, కత్తెర లేకుండా కోస్తున్నావు నువ్వు!"

"ఆరో మలుపులో చెయిన్ తెగింది. తెగితే తెగింది, దిగేటప్పుడు దాంతో పనేముంది? ఏడో మలుపులో ముందు చక్రం ఊడి నాకంటే ముందు పోయింది. దాని తొందర దానిది. నేను వెనక చక్రం ఒక్కదాని మీదే ఎనిమిదో మలుపు దాకా తరుముకుంటూ పోయి, దాన్ని పట్టుకుని, వంగి, పోతూ పోతూనే బిగించేశాను."

ఏదో చక్రం పుల్లలు సరిచేస్తున్న మా మనవరాలు తలెత్తింది. "నట్టు లేకుండానా? చక్రం పోతే నట్టూ పోతుంది కదా బాబాయ్?"

"ముందు నట్టు ఊడి నా నోట్లో పడింది తల్లీ, అందుకే చక్రం ఊడింది. వరస తెలుసుకుని అడగాలి."

అది మళ్లీ పుల్లల్లో పడింది.

"తొమ్మిదో మలుపులో చూసుకుంటే నా నీడ లేదు. అందుకోలేక వెనకబడింది పాపం. బెల్లు కొట్టాను, చప్పుడు లేదు. ఆ చప్పుడు నన్ను తరుముకుంటూ వచ్చి పదో మలుపులో వినబడింది. ఎవడ్రా వెనకాల అని నేనే పక్కకి తప్పుకున్నాను. ఇక పదకొండోది. మాస్టారూ, మీకు తెలుసు ఆ మలుపు."

"తెలుసు," అన్నారు మాస్టారు. ఇప్పుడాయన నవ్వడం లేదు.

"ఒకపక్క బండరాయి, ఒకపక్క లోయ. దారి ఎడమకి తిరిగింది, నేను తిరగలేదు. బండి గాల్లోకి లేచింది. కింద చూస్తే చెట్లన్నీ చీపురు పుల్లల్లా ఉన్నాయి. చెయిన్ లేకపోయినా అలవాటుకొద్దీ తొక్కుతూనే ఉన్నాను. ఎదురుగా ఒక గద్ద పైకి వస్తోంది. ఎక్కేవాళ్లకి దిగేవాళ్లు దారివ్వాలనేది కొండ మర్యాద కదా, నేనే హ్యాండిలు తిప్పి దానికి దారిచ్చాను. గాల్లోనే! అప్పుడు నేను..."

అక్కడ ఆగి టీ గుక్క తాగాడు.

అక్షరం ఎక్కడ కనబడినా వేలు పెట్టి చదవడం నాకలవాటు. ఆలస్యంగా వచ్చిన చదువు, వదలబుద్ధి కాదు. బాబాయ్ ఆగగానే, నా పక్కనే ఉన్న అతని టైరు మీది ఉబ్బెత్తు అంకెల మీద వేలు పెట్టాను. రెండు, ఆరు అని చదువుకున్నాను. అంచున వేలికి మెత్తగా ఏదో గుచ్చుకుంది. పసిపిల్ల కనురెప్పల్లా సన్నటి రబ్బరు వెంట్రుకలు, రెండు పక్కలా వరసగా ఉన్నాయి. ఎంత ముద్దుగా ఉన్నాయో.

"ఏమే, ఈ టైరుకి వెంట్రుకలున్నాయి, ఇవేమిటే?" అన్నాను.

"కొత్త టైరుకి ఉంటాయి అమ్మమ్మా," అంది మా మనవరాలు, పుల్ల బిగిస్తూ, తలెత్తకుండానే. "అచ్చులోంచి తీసినప్పుడు అలా వస్తాయి. తిన్నగా తొక్కితే మధ్యవి రాలిపోతాయి. మలుపుల్లో వాలితే పక్కవి పోతాయి. ఒక్కసారి కొండ దిగితే ఒక్కటీ మిగలదు."

"మరి బాబాయ్ ఈమధ్య కొత్తవి వేయించాడా?"

"లేదే, నేనే వేశాను, ఆయన కొండ మీద పడి లేచాక. నాలుగేళ్ల కిందట..."

అప్పుడు తలెత్తింది. చేతిలో స్పానరు అలాగే ఆగిపోయింది.

మాస్టారు లేచి వచ్చి సైకిలు పక్కన గొంతుకూర్చున్నారు. టైరు పక్కన వేలితో ఒకసారి నిమిరారు. నేనెంత పని చేశానో నాకు అప్పుడు తెలిసింది. నోట్లోంచి పడ్డ మాటని ఏ చేత్తో ఏరుకోను? టైరు మధ్యలో నున్నగా ఉంది. పక్కన ఒక్క వెంట్రుకా రాలలేదు.

"ప్రతి మంగళవారం ఒంటరిగా పోయి దిగొస్తున్నానన్నావు," అన్నారు మాస్టారు మెల్లగా.

బాబాయ్ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. ఎవరికో జరిగింది చెబుతున్నట్టు చెప్పాడు.

"మలుపు కనబడితే చేతులు బిగుసుకుపోతున్నాయి మాస్టారూ. తిన్నగా ఉన్నంతసేపూ తొక్కుతాను. సందు చివర దిగి నడిపించుకుంటాను. మంగళవారం మంగళవారం కొండ దాకా పోయిన మాట నిజమే. కింద నిలబడతాను. కాసేపుండి వచ్చేస్తాను."

"మరి రేపు ఎలా దిగుదామనుకున్నావు?"

"వ్యానులో పైన దింపేశాక ఇంక వేరే దారి ఉండదు కదా. మీరంతా ముందు పోతుంటే, వెనకాలే, సిగ్గుకైనా దిగిపోతానేమో అని." కాగితం వైపు చూశాడు. "అయినా రాయండి. దిగిపోతానేమో."

"దిగలేకపోతే?"

బాబాయ్ గ్లాసు అరుగు మీద పెట్టేశాడు.

"పదకొండో మలుపు దగ్గర నిన్ను రాళ్ల మీంచి లేపిందెవరు బాబాయ్? నేనే కదా," అన్నారు మాస్టారు. "చేతులు బిగుసుకుపోయే మనిషిని మళ్లీ అక్కడికి తీసుకుపోలేను. నా వల్ల కాదు."

పెన్ను మూత పెట్టి జేబులో పెట్టుకున్నారు. ఆరో చోటు ఖాళీగానే ఉంచారు. కాగితం మడుస్తుంటే ఆయన ముఖం చూడలేకపోయాను.

"ఇలా సందులోనే ప్రాక్టీసు చేద్దాం బాబాయ్, నేను పట్టుకుంటాను," అంది మా మనవరాలు.

"పట్టుకుని ఎంతకాలం తల్లీ," అన్నాడతను. కోపంగా కాదు. అలిసిపోయినట్టుగా.

లేచి సైకిలు తీసుకున్నాడు. ఎప్పుడూ మా గుమ్మం ముందే ఎక్కి, అందరూ చూస్తుండగా దర్జాగా సందంతా తొక్కుకుంటూ పోయేవాడు. ఆవేళ ఎక్కలేదు. నాయనా, నేను కావాలని అడగలేదయ్యా అందామనుకున్నాను. అంటే మాత్రం ఏం లాభం?

టైలరు ఉండబట్టలేకపోయాడు. అరుగు దిగి నాలుగడుగులు వెంట వెళ్లాడు.

"బాబాయ్! గద్దకి దారిచ్చావు, లోయ మీద ఉన్నావు. మిగతాది చెప్పకుండా పోతావేంటి? ఎలా దిగావు?"

బాబాయ్ ఆగాడు. ఏదో గొప్పగా చెప్పబోతున్నవాడిలా ఊపిరి పీల్చుకున్నాడు. మేమంతా అతని నోటికేసే చూస్తున్నాం.

"దిగలేదురా," అన్నాడు.

హ్యాండిలు పట్టుకుని, సైకిలు పక్కనే నడుచుకుంటూ వెళ్లిపోయాడు.