ఎక్స్‌లు అయిపోయిన బడి

నోరు తెరిచి ఇంతవరకూ ఎవరితోనూ అనని మాట ఇది. నాకు లెక్కలు రావేమోనన్న భయం ఎప్పుడూ లేదు. వస్తాయేమోనన్నదే నా భయం. వచ్చేవే అని తేలితే, మరి ఇన్నేళ్లూ ఈ చెప్పుల డబ్బాల మధ్య ఏం చేస్తున్నావే అని నన్ను నేనే నిలదీసుకోవాల్సొస్తుంది. ఇంగ్లీషు ఎవరూ నేర్పకుండానే నేర్చుకున్నాను, కంప్యూటరూ అంతే. లెక్కల పుస్తకం జోలికి మాత్రం పోలేదు. పోకుండా దాని మీద కోతలు కోస్తూ బతికేస్తున్నాను.

ఆ కోతలు నిజమని నమ్మిన మనిషి ఒకే ఒక్కతి, మా అక్క కూతురు. పై తరగతిలో అడ్వాన్స్‌డ్ మ్యాథ్స్ తీసుకుంటుందో లేదో అది రేపటికల్లా స్కూల్లో చెప్పాలి. పొద్దున్నే అక్క ఫోన్ చేసి, "మేమెంత చెప్పినా వినట్లేదే. పిన్ని అంత తెలివైంది కదా, పిన్ని ఏమంటే అదే చేస్తానంటోంది. ఒక్క మాట మాట్లాడు" అంది. సరేనన్నాను. మాట్లాడలేదు.

మధ్యాహ్నం గిరాకీ పలచబడగానే మా చెప్పుల షాపు మెట్ల మీద ముగ్గురం చేరతాం. పక్క కొట్లో వాచీలు బాగుచేసే బాబాయ్, ఎదురు మందుల షాపు వదిన, నేను. టీ గ్లాసు అందుకున్నాక ఉండబట్టలేక అక్క కూతురి సంగతి బయటపెట్టాను.

"అయితే నువ్వూ ఆ పెద్ద లెక్కలు చదివినదానివేనా?" అంది వదిన.

ఇంకేం, ఆ ఒక్క ప్రశ్న చాలు నాకు.

"ఏదో చిన్న సంగతి చెబుతాలే వదినా, గొప్పేం కాదు. తొమ్మిదో తరగతిలో మా సారు బోర్డు మీద లెక్క రాస్తుంటే, ఆయన రాయడం పూర్తయ్యేలోపే నేను జవాబు చెప్పేశాను. అంతే."

"పోన్లే, ఇది నమ్మొచ్చు," అన్నాడు బాబాయ్.

నమ్మొచ్చు అనేసరికి నాకు తలకొట్టేసినట్టయింది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? మర్నాడు సారు ఇంకా సుద్దముక్క కూడా పట్టుకోలేదు, జవాబు చెప్పేశా!"

"లెక్కే ఇవ్వలేదు కదే!"

"వరండాలో ఆయన చెప్పుల చప్పుడు బట్టి చెప్పా వదినా. భాగహారాలుంటే మనిషి కాళ్లీడుస్తూ వచ్చేవాడు. పాపం ఆయనకి రోషమొచ్చి, సెలవు పెట్టి, ఇంట్లో తలుపులేసుకుని, అసలు జవాబే లేని లెక్క ఒకటి తయారుచేసుకొచ్చాడు. నేను రెండు జవాబులిచ్చా. ఒకటి క్లాసుకి, ఇంకోటి ఆయన ఇంటికి పట్టుకెళ్లడానికి."

మెట్టు మీద పెట్టిన నా ఫోన్ మోగింది. అక్క కూతురు. దాన్ని బోర్లా తిప్పేశాను.

"ఎవరే?"

"రాంగ్ నంబర్. అసలు సంగతి వినండి. ఎక్స్ విలువ కనుక్కోండి అంటారు చూశారా, నేను కనుక్కుంటూ పోతే నెల తిరక్కుండా మా బడిలో ఎక్స్‌లు అయిపోయాయి. ఉన్నవాటన్నిటికీ విలువ తేలిపోయి నంబర్లయి కూర్చున్నాయి. పక్క స్కూలు నుంచి రెండు డబ్బాలు తెప్పిస్తే అవీ మధ్యాహ్నానికి ఖాళీ. ఇంగ్లీషు టీచరమ్మ మా సారు మీదికొచ్చి ఒకటే గొడవ, 'మీ పిల్ల పుణ్యమా అని నేను ఫాక్స్ అని రాయించలేకపోతున్నా, బాక్స్ అని రాయించలేకపోతున్నా' అని!"

"మరి ఆ వై అక్షరాల సంగతి?" అన్నాడు బాబాయ్ టీ ఊదుకుంటూ.

"అవా? నన్ను చూడగానే అడక్కుండానే విలువ చెప్పేసేవి బాబాయ్."

"ఎండ తగిలినట్టుంది దీనికి," అని వదిన లేవబోయింది. "మాత్ర తెస్తానుండు."

"కూర్చో వదినా! సమాంతర రేఖలు ఎప్పటికీ కలవవంటారా, నేను గీసినవి కలిశాయి. కలిసి, కుశలమడిగి, మళ్లీ ఎవరి దారిన అవి పోయాయి. సారు కళ్లారా చూసి కుర్చీలో కూలబడ్డాడు. చివరికి ఏమైందో తెలుసా? అడ్వాన్స్‌డ్ మ్యాథ్స్ ఎవరెవరికి కావాలో చేతులెత్తమన్నారు. నేను ఎత్తబోతున్నానా, హెడ్‌మాస్టరు పరిగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టేసుకున్నాడు. 'తల్లీ, నువ్వు తీసుకుంటే ఆ సబ్జెక్టు నెల్లో అయిపోతుంది. నీ తర్వాత వచ్చే పిల్లలకి మేమేం చెప్పాలి?' అని ఒకటే ఏడుపు. నా మనససలే వెన్న. లేపిన చేత్తో జుట్టు సర్దుకుని దించేశా. ఈ ప్రపంచంలో లెక్కలింకా మిగిలి ఉన్నాయంటే అది నా చలవే!"

వదిన పొట్ట పట్టుకుని నవ్వుతోంది. బాబాయ్ మాత్రం ఖాళీ గ్లాసు పక్కన పెట్టి, చూపుడు వేలితో మా షాపు వైపు చూపించాడు.

"పొద్దున నీ షాపులోకి ఒకావిడ వచ్చింది కదే. ఒక్క కాలికి బూటు తొడుక్కుని, కూర్చున్న చోటి నుంచి కదలకుండానే కరుస్తోంది, వద్దు అంది. నువ్వేమన్నావు?"

"ఏమంటాను, అందరితో అనేదే. రెండోదీ వేసుకోండి, లేచి అద్దం దాకా నడిచి రండి, కూర్చుని వద్దనకండి అని."

"మరి నువ్వు ఆ క్లాసులో ఎంత దూరం నడిచావు?"

వదిన నవ్వు ఆపేసింది. ఆ ప్రశ్న కన్నా అదే ఎక్కువ గుచ్చుకుంది.

చెయ్యి సగం లేచిన మాట నిజం. జుట్టు సర్దుకున్న మాటా నిజం. హెడ్‌మాస్టరే లేడు. నన్నెవరూ వద్దనలేదు, ఎవరూ నా వైపు చూడనైనా లేదు. కూర్చున్న చోటే కూర్చుని వద్దనుకున్నాను.

ఫోన్ మళ్లీ మోగి, నేను చూస్తుండగానే ఆగిపోయింది.

"రాంగ్ నంబర్ పట్టు వదిలేలా లేదే," అంది వదిన మెల్లగా.

నేను ఫోన్ ఎత్తకపోతే ఆ పిల్ల ఏదో ఒకటి నిర్ణయించేసుకుంటుంది. ఎత్తితే, కష్టంగా ఉంటుందా పిన్నీ అని అడుగుతుంది. నాకు తెలీదే, నేను ఆ క్లాసు లోపలికే వెళ్లలేదు అనాలి. ఆ మాట విన్నాక అది తీసుకుంటుందో మానేస్తుందో గానీ, తెలివైన పిన్ని మాత్రం ఇవాళ్టితో సరి.

ఫోన్ చేతిలోకి తీసుకుని లేచాను. "మీరిద్దరూ కొట్లలోకి పొండి. ఈ ఫోన్‌లో ఒక్క కోత కూడా ఉండదు, వినడానికి మీకు విసుగు."

"ఒక్కటి కూడానా?" అన్నాడు బాబాయ్. "ఇప్పటిదాకా చెప్పినవాటిలో ఇదే నమ్మబుద్ధి కావట్లేదు."

నాకూ నమ్మకం లేదు. అయినా దానికి ఫోన్ చేసి తీరతాను, ఇప్పుడే.