ఆస్పిరిన్ ఆనవాలు

రక్తంలో వాపును చల్లార్చే కొవ్వు అణువులను మాస్ స్పెక్ట్రోమీటర్ మీద తూచే ప్రయోగశాల అది. అక్కడ పనిచేసే కోడలు వరండాలోకి వచ్చి, బెంచీ మీద కూర్చున్న మామగారి పక్కన చేరింది.

"మావయ్యా, మొన్న మా పరిశోధనకు రక్తం ఇచ్చేముందు మాత్రలేమైనా వేసుకున్నారా అంటే ఏం చెప్పారు?"

"లేదన్నాను. గుండ్రాయిలా ఉన్నానుగా, నాకెందుకు మాత్రలు?"

"గుండ్రాయి ఆస్పిరిన్ మింగిందని మా మెషీన్ అంటోంది."

"మింగింది ఎప్పుడో అరిగిపోయుంటుంది. దానికెలా తెలుస్తుంది?"

"ఆస్పిరిన్ పడితేనే పుట్టే అణువొకటుంది. అది మీ రక్తంలో దొరికింది."

"ఇంట్లో పోలీసుంటే ఇంతే. మోకాలు నొప్పమ్మా. మీ అత్తయ్యకు మాత్రం చెప్పకు."

"చెబితే ఏమవుతుంది?"

"సాయంత్రం నడక మాన్పిస్తుంది. నేను మానేస్తే తనూ మానేస్తుంది. డాక్టరు నడవమన్నది తననే కదా."

"సరే. పోలిక కోసం పెట్టుకున్న ఆరోగ్యవంతుల లెక్కలోంచి మిమ్మల్ని తీసేస్తున్నాను. అత్తయ్యని కూడా."

"ఆవిణ్ణెందుకు?"

"ఆవిడ రక్తంలోనూ అదే దొరికింది. అడిగితే, 'మోకాలు నొప్పి. మీ మావయ్యకు చెప్పకు, నేను నడక మానేస్తే ఆయన కుర్చీ వదలరు' అన్నారు."

ఆయన తన మోకాలు నిమురుకున్నాడు.

"తనకి ఏ మోకాలట?"